మాస్టారి ఉత్తరం: మూడు పంచాంగాల ప్రయాణం

పిల్లలూ!

విశాఖపట్నంలో ఏడవ తరగతి చదువుతున్న ఒక అమ్మాయి మాకు ఉత్తరం రాసింది. ఆమె అన్నగారు జర్మనీ దేశంలో, మ్యూనిక్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడట. శీతకాలంలో ఇంటిల్లిపాదీ రండి, మంచు మీద స్కీయింగ్ నేర్పిస్తాను, క్రిస్మస్ సంతలు చూపిస్తాను అని పిలుస్తున్నాడట. నాన్నగారు రెండేళ్ళుగా ఇందుకోసం డబ్బు కూడబెట్టారు. నాయనమ్మ కూడా బయలుదేరుతున్నది. సంక్రాంతి సెలవులలో వెళితే రెండూ చూడవచ్చునా అని ఆ అమ్మాయి అడుగుతున్నది.

చూడలేరు. సంక్రాంతినాటికి మంచు ఉంటుంది గాని, సంత ఉండదు. నవంబరు చివర వెళితే సంత ఉంటుంది గాని, మంచు అనుమానం. ఈ ప్రయాణానికి మూడు పంచాంగాలు చూడాలి. ఒకటి సంతది, రెండవది మంచుది, మూడవది మీ బడిది. మూడూ ఎక్కడ కలుస్తాయో వెతకడమే అసలు పని. టిక్కెట్లు కొనడం ఆ తరువాతి మాట.

మొదట సంత పంచాంగం చూద్దాం. క్రిస్మస్ డిసెంబరు 25న అని అందరికీ తెలుసు. దానికి ముందు వచ్చే నాలుగు ఆదివారాల కాలాన్ని క్రైస్తవులు ఆగమన కాలం అంటారు. జర్మనీలో సంతలు చాలావరకు ఈ కాలానికే పరిమితం. నూరెంబర్గ్ నగరంలోని ప్రసిద్ధమైన సంత, మొదటి ఆగమన ఆదివారానికి ముందు శుక్రవారం మొదలై, డిసెంబరు 24న ముగుస్తుంది.

పలకా బలపం తీసుకోండి. 2022లో క్రిస్మస్ ఆదివారం వచ్చింది. దానికి ముందు ఆదివారాలు డిసెంబరు 18, 11, 4, నవంబరు 27. కనుక సంత నవంబరు 25న మొదలైంది. మొత్తం 30 రోజులు. మరుసటి ఏడు, 2023లో, క్రిస్మస్ సోమవారం వచ్చింది. ఆదివారాలు డిసెంబరు 24, 17, 10, 3. సంత డిసెంబరు 1న మొదలైంది. మొత్తం 24 రోజులే! ఒక్క ఏడాది తేడాలో ఆరు రోజులు తగ్గిపోయాయి. పోయిన ఏడు వెళ్ళివచ్చినవారు చెప్పిన తేదీలను నమ్ముకొని నవంబరు 26న దిగినవారికి మూసిన దుకాణాలే దర్శనమిస్తాయి. ఇన్స్‌బ్రుక్ వంటి కొన్ని ఊళ్ళలో సంత నవంబరు నడుమనే మొదలవుతుంది. కాబట్టి ఏ ఊరికి ఆ ఊరి తేదీలు విడిగా చూసుకోవాలి.

ఆ సంతలో ఏముంటుంది? మన తిరునాళ్ళ వంటిదే అనుకోండి. చర్చి ముందు మైదానంలో కర్ర దుకాణాలు, దీపాలు, పాటలు, తినుబండారాలు. ఇవి ఈనాటివి కావు. డ్రెస్డెన్ సంత మాట 1434 నాటి కాగితాలలోనే ఉన్నది. నూరెంబర్గ్ సంతకు దొరికిన మొదటి ఆధారం 1628 నాటిది. రెండవ ప్రపంచ యుద్ధంలో, 1945 జనవరిలో, బాంబుల వర్షానికి నూరెంబర్గ్ పాతనగరం నేలమట్టమైంది. ఊరు ఇంకా శిథిలాలలో ఉండగానే, 1948లో, జనం ఆ సంతను మళ్ళీ జరుపుకున్నారు.

అక్కడ ఎండు రేగుపళ్ళ వంటి ఒక రకం ఎండుపళ్ళను తీగకు గుచ్చి, అక్రోటు కాయను తలగా పెట్టి, చిన్న చిన్న బొమ్మలు చేసి అమ్ముతారు. ఎర్జ్‌గెబిర్గె అనే కొండప్రాంతం నుంచి కొయ్యబొమ్మలు వస్తాయి. ఆ ప్రాంతంలో ఒకప్పుడు గనులలో పనిచేసేవారు, ఖనిజం తరిగిపోగానే కొయ్యపని పట్టి బొమ్మలు చేయడం మొదలుపెట్టారు. మన కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలను ఎరిగినవారు ఆ దుకాణం ముందు నిలబడితే తొందరగా కదలరు. మాంసం తిననివారికి బొగ్గుల మీద కాల్చిన చెస్ట్‌నట్ కాయలు, పంచదార పాకం పట్టిన బాదంపప్పు దొరుకుతాయి. పిల్లలకు వేడివేడి పళ్ళరసం మట్టికప్పులో పోసి ఇస్తారు. కప్పుకు కూడా డబ్బు కట్టించుకుంటారు గాని, తిరిగి ఇచ్చివేస్తే ఆ డబ్బు వెనక్కు వస్తుంది. ఈ సంగతి తెలియక కప్పును బల్లమీద వదిలి వచ్చారంటే, మీ డబ్బు కూడా అక్కడే వదిలి వచ్చారన్నమాట!

ఇక మంచు పంచాంగం. ఇది అచ్చుపడే పంచాంగం కాదు. మనుషులు నిర్ణయించిన తేదీలకు మంచు కురవదు.

ఆస్ట్రియా దేశంలోని ఇన్స్‌బ్రుక్ నగరంలో 1964 జనవరి 29 నుంచి ఫిబ్రవరి 9 వరకు శీతకాలపు ఒలింపిక్ క్రీడలు జరిగాయి. చుట్టూ ఆల్ప్స్ పర్వతాలు, నడి శీతకాలం. అయినా ఆ ఏడు మంచు కురవలేదు! అప్పుడు ఆస్ట్రియా సైన్యం రంగంలో దిగింది. ఎత్తైన కొండల నుంచి 20,000 మంచుగడ్డ దిమ్మెలు కోసి, జారుడుబండ్ల బాటలకు చేర్చింది. స్కీ వాలులకు 40,000 ఘనమీటర్ల మంచు మోసింది. 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల ఎత్తు గల గది ఘనపరిమాణం 100 ఘనమీటర్లు. అలాంటి గదులు 400 నిండేటంత మంచు అది! ఒలింపిక్ క్రీడలకు సైన్యం మంచు మోసింది. మన కుటుంబానికి ఎవరు మోస్తారు?

అందుకని ప్రయాణీకుడు ముందుగా అడగవలసిన ప్రశ్న, ఆ చోటు ఎంత ఎత్తున ఉన్నది అని. పైకి పోయినకొద్దీ, ప్రతి 1,000 మీటర్లకు వేడి సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. నర్సీపట్నంలో కన్న లంబసింగిలో చలి ఎక్కువగా ఉండటానికి ఇదొక కారణం. ఇన్స్‌బ్రుక్ నగరం సుమారు 570 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడ 4 డిగ్రీల వేడి ఉన్నదనుకోండి. కురిసేది వాన. నగరం నుంచి రోప్‌వేలో హఫెలేకార్ అనే చోటికి, అంటే సుమారు 2,260 మీటర్ల ఎత్తుకు పోతే, లెక్క ప్రకారం వేడి 11 డిగ్రీలు తగ్గి, సున్నకు కింద 7 డిగ్రీలు అవుతుంది. అక్కడ కురిసేది మంచు. ఊరు ఒకటే, మేఘం ఒకటే, ఎత్తు మాత్రం వేరు. అయితే ఇది సగటు లెక్క. ఒక్కొక్క రోజు చల్లగాలి లోయలో దిగబడి, కొండ మీదనే వెచ్చగా ఉండటం కూడా కద్దు.

పోనీ, యంత్రాలతో మంచు చేయరా అంటారేమో. చేస్తారు. నీటిని సన్నటి తుంపరగా గాలిలోకి చిమ్ముతారు. తుంపరలో కొంత ఆవిరై పోతూ, మిగిలినదాన్ని చల్లబరుస్తుంది. మట్టికుండలో నీళ్ళు చల్లబడే సూత్రమే ఇది. గాలి పొడిగా ఉంటే కుండ బాగా పనిచేసినట్టే, యంత్రం కూడా బాగా పనిచేస్తుంది. గాలి తేమగా, వెచ్చగా ఉంటే రెండూ చతికిలబడతాయి. అంటే యంత్రానికి కూడా చలి కావలసిందే. పైగా భూమి వేడెక్కుతున్నకొద్దీ ఆల్ప్స్‌లో, ముఖ్యంగా 2,000 మీటర్లకు దిగువన, మంచు నిలిచే రోజులు యాభై ఏళ్ళ కిందటి కన్న తగ్గిపోయాయి. తక్కువ ఎత్తున ఉన్న పల్లెలలో స్కీ వాలుల మీద బతికేవారికి ఇది పెద్ద దిగులు.

కనుక డిసెంబరులో స్కీయింగ్ కావాలంటే ఎత్తుకు పోవాలి. ఇన్స్‌బ్రుక్ నుంచి సుమారు గంట ప్రయాణంలో స్టుబాయ్ హిమానీనదం ఉన్నది. అక్కడి స్కీ వాలులు 3,200 మీటర్ల దాకా ఉన్నాయి. మామూలుగా అక్టోబరులోనే తెరుస్తారు. పగలు అక్కడ స్కీయింగ్, సాయంత్రం ఇన్స్‌బ్రుక్ పాతనగరంలో సంత. బంగారు పూత రేకులు 2,657 తాపిన పాత మేడ కప్పు ఒకటి అక్కడ ఉన్నది. దాని ముందరే సంత జరుగుతుంది.

స్కీ అంటే ఏమిటో కూడా చెప్పుకుందాం. రెండు పడవల మీద కాళ్ళు పెట్టరాదని మన పెద్దలు అంటారు. స్కీయింగ్ అంటే సరిగ్గా ఆ పనే! 40 కిలోల బరువున్న పిల్లవాడు చెప్పులతో మెత్తని మంచు మీద నిలబడితే దిగబడిపోతాడు. అతని రెండు పాదాల వైశాల్యం సుమారు 320 చదరపు సెంటీమీటర్లు. అంటే ఒక్కొక్క చదరపు సెంటీమీటరు మీద 125 గ్రాముల బరువు. అదే పిల్లవాడు 140 సెంటీమీటర్ల పొడవు, 8 సెంటీమీటర్ల వెడల్పు గల రెండు స్కీ బద్దల మీద నిలబడితే వైశాల్యం 2,240 చదరపు సెంటీమీటర్లు. ఇప్పుడు 18 గ్రాములే. భారం ఏడో వంతుకు తగ్గింది. అందుకే దిగబడడు. బద్ద మంచును రాయగా పుట్టిన వేడికి పలుచని నీటిపొర ఏర్పడుతుంది. అది జారడానికి సాయపడుతుంది.

కొత్తవారు మొదట నేర్చుకునేది జారడం కాదు, ఆగడం. బద్దల ముందుకొనలు దగ్గరగా, వెనుకకొనలు దూరంగా పెడితే వేగం తగ్గుతుంది. దీనిని శిక్షకుని దగ్గరే నేర్చుకోవాలి. అన్నయ్యకు స్కీయింగ్ వచ్చు కదా అని సరిపెట్టుకోవద్దు. బద్దలు, బూట్లు, శిరస్త్రాణం అద్దెకు దొరుకుతాయి, కొననక్కరలేదు. ఆస్ట్రియాలో నీలిరంగు గుర్తు గల వాలు తేలిక, ఎరుపు అంతకన్న కష్టం, నలుపు ఆరితేరినవారికి. నీలిరంగు దాటవద్దు. మన ముందు జారుతున్నవారిని తప్పించుకొనే బాధ్యత వెనుక వచ్చే మనదే. గుర్తులు పెట్టిన బాట విడిచి పోతే మంచుచరియలు విరిగిపడే ప్రమాదం ఉన్నది. కొత్త మంచు మీద పడిన వెలుగులో చాలా భాగం తిరిగి కళ్ళలోకి కొడుతుంది గనుక కళ్ళద్దాలు తప్పనిసరి.

ఇక మూడవది బడి పంచాంగం. ఎన్నో ఏళ్ళు హెడ్మాస్టరుగా పనిచేసినవాణ్ణి గనుక దీన్ని తేలికగా వదలను. సంత, మంచు, ఖర్చు మూడూ చూస్తే డిసెంబరు 10 నుంచి 20 లోపల అనుకూలం. ఆ తరువాత యూరపులో సెలవులు మొదలై బస ధరలు పెరుగుతాయి. కాని ఆ రోజులలో మన బడులు నడుస్తుంటాయి. పరీక్ష లేకపోతే, హెడ్మాస్టరుగారికి ముందుగా సెలవుచీటీ ఇచ్చి, పోయే పాఠాలు ముందే చదువుకొని వెళ్ళవచ్చు. పరీక్ష ఉంటే మాత్రం సంతను వదులుకొని సంక్రాంతి సెలవులలో మంచుకు వెళ్ళండి. జనవరిలో మంచు డిసెంబరు కన్న నమ్మకమైనది. ఏది వదులుకోవాలో ఇంటి దగ్గరే తేల్చుకుంటే, అక్కడికి వెళ్ళి కన్నీళ్ళు పెట్టుకోనక్కరలేదు.

డిసెంబరుకే నిశ్చయమైతే ఎనిమిది రోజులు ఇలా సర్దవచ్చు:

1వ రోజు: మ్యూనిక్‌లో విశ్రాంతి, సాయంత్రం అక్కడి సంత.
2వ రోజు: రైలులో నూరెంబర్గ్ పోయి రావడం. ఒకవైపు సుమారు గంట.
3వ రోజు: రైలులో ఇన్స్‌బ్రుక్. రెండు గంటల లోపు.
4, 5, 6 రోజులు: పగలు స్కీ పాఠం, సాయంత్రం సంత.
7వ రోజు: ఖాళీ.
8వ రోజు: మ్యూనిక్‌కు తిరుగు ప్రయాణం.

ఖాళీ రోజు చూసి నవ్వకండి. పెద్దగాలి వస్తే రోప్‌వేలు ఆపుతారు. ఆ నష్టం పూడ్చేది ఈ రోజే. గాలి రాకపోతే నొప్పులు పుట్టిన కాళ్ళకు విశ్రాంతి. నాయనమ్మగారి వంటివారు 3,000 మీటర్ల ఎత్తుకు పోయే ముందు డాక్టరును అడగాలి. వారికి లోయలోని సంతే హాయి. ఆ రోజులలో పగలు ఎనిమిదిన్నర గంటలే గనుక, దీపాలు పెందలకడే వెలుగుతాయి.

తల్లిదండ్రులకు రెండు మాటలు. జర్మనీకి, ఆస్ట్రియాకు ఒకే షెంజెన్ వీసా చాలు. సాధారణంగా ఏ దేశంలో ఎక్కువ రోజులు ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. పై పట్టీలో రాత్రులు లెక్కపెట్టండి. అబ్బాయి ఉన్నది మ్యూనిక్‌లో అయినా, ఎక్కువ రాత్రులు ఆస్ట్రియాలోనే! ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టవచ్చు. వీసాకు ప్రయాణ బీమా ఎలాగూ తీసుకుంటారు. ఆ బీమా స్కీయింగ్‌లో తగిలే దెబ్బలకు వర్తిస్తుందో లేదో చదివి మరీ సంతకం చేయండి.

ఇప్పుడు మీకు రెండు లెక్కలు. ఒకటి: 2027లో క్రిస్మస్ శనివారం వస్తుంది. నూరెంబర్గ్ సంత ఏ తేదీన మొదలు కావాలి? ఎన్ని రోజులు జరగాలి? రెండు: 600 మీటర్ల ఎత్తున ఉన్న లోయలో 5 డిగ్రీల వేడి ఉంటే, 2,600 మీటర్ల ఎత్తున ఎంత ఉంటుంది? అక్కడ కురిసేది వానా, మంచా? జవాబులు కార్డు మీద రాసి పంపండి. వచ్చే నెల సరిచూసుకుందాం.