ఇంటిచాకిరీ ఆట కాదు

పోయిన చలికాలంలో ఒక ఆదివారం గచ్చిబౌలి వైపు జరిగిన స్త్రీల స్ప్రింట్ ట్రయాథ్లాన్‌లో నేనూ పాల్గొన్నాను. నా వయసు నలభై ఆరు. చివరి నుంచి ఏడోదాన్ని. అయినా పూర్తిచేశాను. మెడలో పతకంతో, చెంపల మీద ఎండిన ఉప్పుతో నేలమీద కూలబడి ఉండగా వేదిక మీద ముఖ్య అతిథి మైకు అందుకున్నారు. “మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు రోజూ ట్రయాథ్లాన్ చేస్తూనే ఉంటారు. వంట, పిల్లలు, ఆఫీసు! వాళ్ళకి ఇదో లెక్కా?” అన్నారు. చప్పట్లు మోగాయి. నా చేతులూ అలవాటు కొద్దీ లేచాయి. రెండో చప్పట్టు కొట్టబోయి ఆగిపోయాను.

నా అభ్యంతరం ఆ మెచ్చుకోలు మీదే. ఆయన మంచి మనసుతోనే అని ఉంటారు. పక్కనున్న స్నేహితురాలు కూడా “పోనీలేవే, పొగిడాడు కదా” అంది. కానీ పొగుడుతూనే ఎక్కడిదాన్ని అక్కడ కూర్చోబెట్టడం మనకి కొత్త అనుభవమా? భూదేవంత ఓర్పు అన్నారు. అన్నపూర్ణ అన్నారు. ఇప్పుడు ట్రయాథ్లెట్ అంటున్నారు. బిరుదు మారింది, గిన్నెలు తోమే చేతులు మారలేదు.

అసలు స్ప్రింట్ ట్రయాథ్లాన్ అంటే 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిలు, 5 కిలోమీటర్ల పరుగు, మధ్యలో గడియారం ఆగకుండా. ఇది ఆడవాళ్ళ కోసం తగ్గించిన దూరం కాదు. ఒలింపిక్స్‌లో పెట్టే దూరంలో సగం, ఆడకీ మగకీ ఒకటే.

మీలో ఎవరైనా వెళ్ళదలుచుకుంటే అక్కడ ఏముంటుందో చెబుతాను. చేతిమీద మార్కరుతో నంబరు రాస్తారు. యాభై మీటర్ల కొలనులో అయితే ఈ చివరి నుంచి ఆ చివరికి పదిహేనుసార్లు ఈదాలి. మొదటి రెండుసార్లూ ఊపిరి అందదు, పక్కవాళ్ళ కాళ్ళు తగులుతాయి, ఎందుకొచ్చానురా దేవుడా అనిపిస్తుంది. గట్టు పట్టుకుని ఆగొచ్చు, నియమాలు ఒప్పుకుంటాయి. దాన్ని ఆసరాగా ముందుకి లాక్కోకూడదు, అంతే. నీళ్ళలోంచి లేచి తడిబట్టలతోనే సైకిలు ఎక్కాలి. హెల్మెట్ పట్టీ బిగించుకున్నాకే స్టాండులోంచి సైకిలు తీయాలి, లేకపోతే శిక్ష పడుతుంది. బట్టలు సర్దుకునే సమయం కూడా లెక్కలోకే వస్తుంది. సైకిలు దిగి పరుగు మొదలుపెట్టగానే కాళ్ళు మనవి కావనిపిస్తుంది. కాస్త దూరం ఓపిక పడితే తిరిగొస్తాయి. నెలసరి ఆరోజే రావచ్చు. నాకు వచ్చింది. కప్పు వాడటం నలభై ఆరేళ్ళకి నేర్చుకున్నాను.

నెలసరి సంగతి తప్ప ఇదంతా నిర్వాహకులు పంపిన పుస్తకంలో ఉంది. అందులో లేని పోటీ నాలుగు నెలల ముందు మొదలయింది.

నేను వెళ్ళిన కొలనులో స్త్రీల బ్యాచ్ పొద్దున పదకొండు గంటలకి. ఉద్యోగం చేసుకునే ఏ ఆడమనిషి పదకొండింటికి ఈతకి వస్తుంది? ఆరు నుంచి ఎనిమిది దాకా ‘జనరల్’. జనరల్ అంటే ఎవరో మీకు చెప్పక్కరలేదు. ఔటర్ రింగ్ రోడ్డు వెంట 23 కిలోమీటర్ల సైకిల్ దారి 2023 అక్టోబర్ 1న ప్రారంభమయింది. పైన సౌర పలకల కప్పు, చూడముచ్చటగా ఉంటుంది. కానీ కొండాపూర్ నుంచి అక్కడికి చేరాలంటే చీకట్లో టిప్పర్ల మధ్య నుంచి పోవాలి. కారున్నవాళ్ళు సైకిల్ని కారులో తీసుకెళ్ళి అక్కడ దింపుకుంటారు.

1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పటి నుంచి ఈ ప్రాంతం ఆడవాళ్ళ పనిగంటల మీద కూడా పెరిగింది. నేనే ఇరవై రెండేళ్ళుగా ఇక్కడ సాఫ్ట్‌వేర్ పరీక్షిస్తున్నాను. రాత్రి రెండింటికి షిఫ్టు అయిపోతే క్యాబ్, ముందు సీట్లో కాపలా మనిషి. ఎవరికో లాభం రావాలంటే అర్ధరాత్రి కూడా నా దేహానికి భద్రత ఏర్పాటవుతుంది. నాకోసం నేను తెల్లవారుజామున ఐదింటికి పరుగెత్తుతానంటే మాత్రం “ఒక్కదానివే ఎందుకమ్మా, రోజులు బాగోలేవు” అంటారు.

ఇక ఇల్లు. నా భర్త చెడ్డవాడు కాదు. “నేను చూసుకుంటాలే” అన్నాడు. చూసుకున్నాడు కూడా, నేను ముందురాత్రి కూరలు తరిగి, పిల్లల డబ్బాలు తీసిపెట్టి, కుక్కర్లో పప్పు కడిగి ఉంచిన రోజుల్లో. “ఈ వయసులో ఆ బట్టలేంటమ్మా” అని అత్తయ్య నాతో కాకుండా గోడతో అన్నారు. 2024 నాటి జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపనికి, అది చేసే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. చేసే మగవాళ్ళు 88 నిమిషాలు. ఈ తేడాకి ట్రయాథ్లాన్ అని పేరు పెడితే సిగ్గుపడాల్సిన లెక్క కాస్తా గర్వపడే లెక్క అయిపోతుంది.

చాకిరీకీ ఆటకీ ఉన్న తేడా చాలా సులభం. ఆటని ఎంచుకుంటాం. ఆటకి ఒక చివరి గీత ఉంటుంది, అది దాటాక ఎవరూ “కాఫీ పెట్టు” అనరు. అన్నిటికన్నా ముఖ్యం, ఆట ఎవరికీ ఉపయోగం లేని శ్రమ. చీకటిపడే దాకా గల్లీలో క్రికెట్ ఆడే మగపిల్లవాణ్ణి దానివల్ల ఇంటికేం లాభమని అడుగుతామా? ఆ ఉపయోగంలేని శ్రమ మీద హక్కునే మనకి ఇవ్వలేదు. ఇప్పుడు చాకిరీనే ఆట అనేస్తే, ఇక ఆ హక్కు అడిగే అవసరం కూడా లేకుండా పోతుంది.

1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో స్త్రీలు 800 మీటర్లు పరుగెత్తితే, వాళ్ళ శరీరాలు తట్టుకోలేవని గగ్గోలు పెట్టి 1960 దాకా ఆ పోటీనే తీసేశారు. అదే స్త్రీలు నీళ్ళు మోస్తే ఆ బెంగ ఎవరికీ లేదు. అప్పుడు ‘మీవల్ల కాదు’. ఇప్పుడు ‘మీకిదో లెక్కా’. రెంటిలోనూ మన శ్రమని కొలిచే ఉద్దేశం లేదు. స్త్రీల ట్రయాథ్లాన్, స్త్రీల వెయిట్‌లిఫ్టింగ్ రెండూ ఒలింపిక్స్‌లో అడుగుపెట్టింది 2000లో, సిడ్నీలోనే. అక్కడే మన కరణం మల్లీశ్వరి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఆ 240 కిలోలని నీళ్ళబిందెలతో పోల్చి ఉంటే మనం ఊరుకునేవాళ్ళమా?

స్త్రీలకి మాత్రమే విడిగా పోటీ ఎందుకని అడిగేవాళ్ళున్నారు. విడిగా ఉండటమే గమ్యమని నేనూ అనను. కానీ ఎవరు చూస్తున్నారోనని వెతుక్కోకుండా తువ్వాలు తీసి నీళ్ళలో దిగడం నా జీవితంలో అదే మొదటిసారి. ‘జనరల్’ నిజంగా అందరిదీ అయిన రోజున ఈ ప్రశ్నకి మళ్ళీ జవాబు చెబుతాను.

ఒక్క మాట నామీద నేనే చెప్పుకోవాలి. సాధనకి బయల్దేరేటప్పుడు గేటు దగ్గర మా ఇంట్లో పనిచేసే ఆమె ఎదురొచ్చేది, బస్తీ నుంచి నడిచి. ఒకరోజు అడిగింది, “ఏడికి పోతున్నరక్కా ఇంత పొద్దుగాల?”

“పరుగెత్తడానికి.”

“ఊకెనేనా?”

“ఊకెనే.”

ఆమె నవ్వింది. “నాకూ ఊకె ఉరకాలనే ఉంటది. యాడ కుదురుతది?”

నా తెల్లవారుజాము ఆమె తెల్లవారుజాము మీద నిలబడింది. పోటీకి నేను కట్టిన రుసుము ఆమెకి మేమిచ్చే నెల జీతంలో సగానికి పైనే. ఆ వేదిక ముందు ఆమె లేదు. ఆమె ఏడిళ్ళలో చేసే పనిని కూడా ట్రయాథ్లాన్ అనేస్తారా? ఆమె అడిగింది బిరుదు కాదు. ఊకెనే ఉరికేందుకు ఒక గంట.

మనం అడగాల్సిందీ అదే. పొద్దున ఆరింటికి కొలనులో స్త్రీల గంట. సైకిల్ దారి దాకా వెలుతురున్న రోడ్డు, దారిలో తాళం వెయ్యని మరుగుదొడ్డి. ఇంట్లో సాయం కాదు, పని పంపకం. పనిచేసే ఆమెకి జీతంతో పాటు వారానికో సెలవు. ఆ చివరిది నేను మా ఇంట్లో మొదలుపెట్టాను. సిగ్గుపడుతూనే చెబుతున్నాను, ఇన్నేళ్ళకి.

వచ్చే చలికాలం మళ్ళీ వెళతాను. ముఖ్య అతిథి మళ్ళీ ఆ మాటంటే చప్పట్లు కొట్టను. లేచి చెబుతాను: అయ్యా, అది చాకిరీ. ఇది ఆట. రెండూ మాకు బాగా తెలుసు.