బ్యాటరీ సైకిలుపై విహారం: నలుగురితో, ఒంటరిగా

మోటారు బిగించిన సైకిలు తొక్కడం వ్యాయామం కిందికి వస్తుందా, లేక సోమరితనానికి మరో పేరా? ఈ ప్రశ్న మా వీధి అరుగుల మీదా, మసీదు మెట్ల దగ్గరా తరచు వినిపిస్తూ ఉంటుంది. అడిగేవారిలో అధికులు ఆ సైకిలును ఒక్కసారైనా ఎక్కినవారు కారు. హ్యాండిల్ తిప్పితే దానంతటదే పరుగెత్తే స్కూటరును వారు మనసులో ఊహించుకుంటారు. అటువంటి బండ్లు కూడా ఉన్నాయి, కాదనలేము. కానీ ఇక్కడ మనం ముచ్చటించుకోబోయేది వేరొక రకం. దీనిలో కాలు ఆడితేనే మోటారు ఆడుతుంది. కాలు ఆగితే అదీ ఆగుతుంది.

పెడల్ ఇరుసు వద్ద ఒక చిన్న సెన్సర్ ఉంటుంది. చవక రకాలలో అది పెడల్ తిరుగుతున్నదా లేదా అని మాత్రమే గమనిస్తుంది. మేలైన రకాలలో మనం ఎంత బలంతో తొక్కుతున్నామో కూడా కొలుస్తుంది. ఆ బలానికి తగినంత సాయాన్ని మోటారు జోడిస్తుంది. ఈ పద్ధతిలో తయారైన సైకిలును జపాన్‌కు చెందిన యమహా సంస్థ 1993లో తొలిసారిగా పెద్దఎత్తున విపణిలోకి తెచ్చింది. నేడు ఆ దేశంలో ముందొక బిడ్డను, వెనుకొక బిడ్డను కూర్చోబెట్టుకొని బడికి వెళ్లే తల్లుల వాహనం ఇదే. మన దేశపు నిబంధనల ప్రకారం మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉన్నప్పుడు అది మోటారు వాహనంగా పరిగణింపబడదు. కనుక లైసెన్సు, రిజిస్ట్రేషన్ అవసరం లేదు. ఆ వేగాన్ని అందుకోగానే మోటారు విరమించుకుంటుంది. ఇక ముందుకు పోదలచినవారు సొంత కాళ్లనే నమ్ముకోవాలి.

లెక్క చూస్తే విషయం మరింత స్పష్టమవుతుంది. మనిషి, సైకిలు కలిపి నూరు కిలోల బరువు అనుకుందాం. నూరు అడుగుల దూరానికి అయిదు అడుగులు లేచే చడావు మీద గంటకు పది కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే ఇంచుమించు 160 వాట్ల శక్తి కావాలి. శిక్షణ లేని మధ్యవయస్కుడు గంటసేపు నిలకడగా ఇవ్వగలిగింది నూరు వాట్ల ప్రాంతంలో ఉంటుంది. లోటు అరవై. ఆ అరవై లేకపోవడం వల్లనే ఎంతోమంది నలభై అయిదేళ్లు దాటాక సైకిలును గోడకు ఆనించి, తిరిగి తీయలేదు. మోటారు ఆ అరవైని పూరిస్తుంది. మిగిలిన నూరూ మనవే. చెమట పడుతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది, మోకాలు మాత్రం మొరపెట్టుకోదు.

ఐరోపాలోని ఏడు నగరాలలో పదివేల మందికి పైగా ప్రజలను పరిశీలించి 2019లో వెలువరించిన అధ్యయనం ఒకటి ఉన్నది. బ్యాటరీ సైకిలు వాడేవారు వారం మొత్తంలో చేసే శారీరక శ్రమ మామూలు సైకిలు తొక్కేవారి శ్రమకు ఇంచుమించు సమానంగా ఉన్నట్లు అందులో తేలింది. కారణం సులభమే. శ్రమ తగ్గినకొద్దీ వారు మరింత దూరం వెళ్తున్నారు. అయితే కారునో మోటారు సైకిలునో వదిలి దీనిని ఎక్కినవారికి కలిగే మేలు ఒక తీరు, మామూలు సైకిలును చక్కగా తొక్కుతున్నవాడు దీనికి మారితే కలిగే ఫలితం మరొక తీరు. ఆ రెండవ కోవకు చెందిన యువకులకు నా సలహా ఒకటే: మీకు ఇది అప్పుడే అక్కరలేదు.

నాకు ఈ సైకిలు మీద గౌరవం కలిగింది మాత్రం ఆరోగ్యం లెక్కల వల్ల కాదు, స్నేహితుల వల్ల.

విశాఖపట్నంలో మేము అయిదుగురం ఆదివారాలు ఫజ్ర్ నమాజు ముగిసిన తరువాత సముద్రతీర రహదారి మీద సైకిళ్లపై వెళ్లడం చాలా ఏళ్ల అలవాటు. ఒకరు విశ్రాంత ఉపాధ్యాయులు, ఒకరు ఓడరేవులో పనిచేసి పదవీ విరమణ పొందినవారు, ఒకరు బట్టల వ్యాపారి, నేను, మాలో అందరికంటె చిన్నవాడైన ఒక ఇంజనీరు. మొదట్లో అందరం కలిసే సాగేవాళ్లం. తరువాత వయసు తన పని తాను చేసింది. కైలాసగిరి దాటేసరికి ముగ్గురు ముందు, ఇద్దరు వెనుక. ముందున్నవారు ఆగి ఎదురుచూస్తారు. వెనుకవారు రొప్పుతూ చేరుకోగానే, అప్పటికే సేదదీరిన ముందువారు బయలుదేరుతారు. అందరికంటె విశ్రాంతి అవసరమైనవాడికే విశ్రాంతి దొరకదు. సైకిలు బృందాలన్నిటా ఉన్న అన్యాయమే ఇది. వెనుకబడినవారు నోరు తెరచి ఏమీ అనరు. "మీరు పదండి భాయ్, నేను నిదానంగా వస్తాను" అంటారు. మరుసటి వారం ఏదో పని తగులుతుంది. ఆ పై వారం జలుబు చేస్తుంది. ఆ తరువాత రారు.

ఉపాధ్యాయులకు గుండెలో స్టెంటు వేసిన తరువాత ఏడాది పాటు ఆయన ముఖం మాకు కనిపించలేదు. ఇల్లు పది నిమిషాల దూరంలోనే ఉంది, వెళ్లి పలకరించి వస్తూనే ఉన్నాము. కానీ పరామర్శకు వెళ్లడం వేరు, కలిసి ఊరు దాటడం వేరు. పరామర్శలో ఒకరు రోగి, ఒకరు అతిథి. మందుల పేర్లు, వైద్యుడి మాటలు, టీ, అంతటితో సంభాషణ ముగుస్తుంది. ఆయనకు భార్యావియోగం అంతకు మునుపే కలిగింది. కుమారులిద్దరూ గల్ఫులో ఉన్నారు. ఆయన వారానికి నాలుగు వాక్యాలు మాట్లాడేవారంటే అది అతిశయోక్తి కాదు. పెద్ద కుమారుడు సెలవుపై వచ్చి, గుండె వైద్యుడిని స్వయంగా అడిగి, గుండెవేగం ఏ సంఖ్య దాటరాదో వ్రాయించుకొని, తండ్రికి బ్యాటరీ సైకిలు కొనిపెట్టి వెళ్లాడు. గుండెజబ్బు ఉన్నవారు ఎవరైనా ఈ వరుసలోనే నడవాలి: ముందు వైద్యుడు, తరువాత దుకాణం.

ఆ ఆదివారం ఆయన మా ముందు నడిచారు. ఇది అక్షరాలా నిజం. జోడుగుళ్లపాలెం దాటిన తరువాతి ఎత్తు మీద మేము నిలబడి తొక్కుతుంటే, ఆయన కూర్చుని, తలపాగా చెదరకుండా, గడచిన ఏడాది తాను చదివిన పుస్తకాల గురించి చెబుతూ సాగిపోయారు. బదులు చెప్పడానికి మాకు ఊపిరి చాలలేదు. ఇప్పుడు మా అయిదుగురిలో ముగ్గురివి బ్యాటరీ సైకిళ్లు, రెండు మామూలువి. బలమున్నవారు సాయం లేకుండా తొక్కుతారు, బలం తగ్గినవారు సాయం పెంచుకుంటారు. అందరూ ఒకే వేగంతో, ఒకరి మాట ఒకరికి వినిపించేంత దగ్గరలో ఉంటారు. కుటుంబాలలోనూ ఇదే జరగవచ్చు. పదహారేళ్ల కుమారుడు మామూలు సైకిలు మీద, యాభై ఏళ్ల తండ్రి బ్యాటరీ సైకిలు మీద సమానంగా సాగుతూ రెండు గంటలు మాట్లాడుకోగలిగితే అది చిన్న విషయం కాదు. ఎదురెదురుగా కూర్చున్నప్పుడు నోరు విప్పని పిల్లలు పక్కపక్కన ప్రయాణించేటప్పుడు ఎన్నో విషయాలు చెబుతారు.

మా దారి గురించి కొంత చెప్పాలి. రామకృష్ణా బీచి నుండి భీమిలి సుమారు 25 కిలోమీటర్లు. ఎడమవైపు కొండలు, కుడివైపు బంగాళాఖాతం. సాగర్‌నగర్, రుషికొండ, ఆపైన తొట్లకొండ బౌద్ధక్షేత్రం, మంగమారిపేట దగ్గర సముద్రం తొలిచిన సహజ శిలాతోరణం, ఎర్రమట్టి దిబ్బలు, చివరకు గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట డచ్చివారి పాత సమాధులతో భీమిలి. జాలరి పల్లెల దగ్గర వలలు రోడ్డు అంచున ఆరబెట్టి ఉంటాయి. అక్కడ సైకిలు దిగి నడవడం మర్యాద. ఎర్రమట్టి దిబ్బల మీదికి చక్రాలు ఎక్కించకండి. సైకిలు దించిన గాడిని ఒక్క వాన వాగుగా మారుస్తుంది.

ఈ దారిలో బ్యాటరీకి అసలు పరీక్ష కొండ కాదు, గాలి. తొట్లకొండ ఎత్తు సుమారు 128 మీటర్లు. నూరు కిలోల బరువును అంత ఎత్తుకు చేర్చడానికి కావలసిన శక్తి 35 వాట్-అవర్లు మాత్రమే. మోటారులో వృథా అయ్యేదానిని కలుపుకున్నా యాభై దాటదు. 36 వోల్టుల, 10 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో 360 వాట్-అవర్లు ఉంటాయి గనుక ఇది పెద్ద ఖర్చేమీ కాదు. ఎదురుగాలి అలా కాదు, అది కిలోమీటరు కిలోమీటరుకూ సుంకం వసూలు చేస్తుంది. వేసవిలోనూ వర్షాకాలంలోనూ ఇక్కడ గాలి ఎక్కువగా నైరుతి నుండి వీస్తుంది. భీమిలికి వెళ్లేటప్పుడు వెన్ను తట్టి పంపుతుంది. మనం మహా బలవంతులమనిపిస్తుంది. తిరుగు ప్రయాణంలో అదే గాలి ఛాతీ మీద చేయి వేసి నెడుతుంది. కిలోమీటరుకు పది వాట్-అవర్ల చొప్పున లెక్క వేస్తే 360తో 36 కిలోమీటర్లు వస్తాయి, రానూపోనూ యాభైకి చాలవు. కాబట్టి పోయేటప్పుడు సాయాన్ని పూర్తిగా తగ్గించి, బ్యాటరీని తిరుగు ప్రయాణానికి దాచుకుంటాము. బృందంలో అందరికంటె చిన్న బ్యాటరీ ఎవరిదో వారే వెనుతిరిగే చోటును నిర్ణయిస్తారు.

అందుచేత కొనేటప్పుడు "ఎన్ని కిలోమీటర్లు వస్తుంది?" అని అడగకండి. ఒక దుకాణంలో నాకు ఎనభై అని చెప్పారు. ఏ బరువుకు, ఏ దారిలో, ఎంత సాయంతో అంటే సమాధానం లేదు. బ్యాటరీ వోల్టులను, ఆంపియర్-అవర్లను గుణించి చూసుకోండి. ఆ సంఖ్య దాచినా దాగదు. కొత్త బ్యాటరీ విడిగా ఎంత ధర, ఎక్కడ దొరుకుతుంది అన్నవి ఆ తరువాత అడగవలసినవి. కొన్నేళ్లకు దానిని మార్చక తప్పదు, సైకిలు ధరలో పెద్ద వాటా దానిదే. ఇక కరెంటు ఖర్చు చెప్పుకోదగినది కాదు. ఒకసారి పూర్తిగా ఛార్జి చేయడానికి అర యూనిట్టు మించదు.

ఒంటరి ప్రయాణం రుచి వేరు. నేను బుధవారాలు ఒక్కడినే వెళ్తాను, సాగర్‌నగర్ వరకో రుషికొండ వరకో. నలుగురితో వెళ్లినప్పుడు సముద్రం ఎలా ఉన్నదో తిరిగి వచ్చాక గుర్తుండదు, మాటలు గుర్తుంటాయి. ఒంటరిగా వెళ్లినప్పుడు పడవలు ఎన్ని బయటకు వెళ్లాయో చెప్పగలను. మోటారు చప్పుడు దాదాపు వినిపించదు. అలసట భయం లేకపోవడం వల్ల, చడావు వస్తున్నదన్న దిగులు లేకపోవడం వల్ల మనసు కాళ్లను విడిచి ఎక్కడికో పోతుంది. తెగని ఇంటి సమస్య ఒకటి రెండు బుధవారాల్లో దానంతటదే ముడి విడిన సందర్భాలు ఉన్నాయి. విడనివీ ఉన్నాయి. ఒంటరిగా వెళ్లేవారు ఏ దారిన వెళ్తున్నదీ, ఎప్పటికి తిరిగి వచ్చేదీ ఇంట్లో చెప్పి వెళ్లాలి. సగం బ్యాటరీ మిగిలి ఉండగానే వెనుతిరగాలి. మోటారు ఆగిపోతే ఇరవై రెండు కిలోల సైకిలును ఎదురుగాలిలో తొక్కడం ఎంత సంబరమో అనుభవిస్తేనే తెలుస్తుంది.

ఇంటి మాట వచ్చింది గనుక ఇదీ చెప్పుకోవాలి. నేను వారానికి రెండు ఉదయాలు బయటకు పోతుండగా ఒకనాడు మా ఇంటావిడ అన్నది: "మీ ఆరోగ్యానికి మీరు వారంలో అయిదు గంటలు తీసుకున్నారు. సంతోషం. నా అయిదు గంటలు ఎక్కడున్నాయో కాస్త చూసిపెట్టండి." పురుషుల విహారాల గురించి వ్రాసేవారు సాధారణంగా ఈ వాక్యాన్ని వదిలేస్తారు. ఉదయం ఆరు నుండి ఎనిమిది వరకు ఇంటిలో జరిగే పని, మనం లేనంత మాత్రాన ఆగదు. అది మరొకరి చేతుల మీదికి మారుతుందంతే. ఇప్పుడు శుక్ర, శనివారాల్లో టిఫిను, పిల్లల పెట్టెలు నావి. ఆమె, ఆమె చెల్లెలు సైకిళ్లపై బయలుదేరుతారు. నడిమి కడ్డీ కిందికి వంగి ఉండే రకం ఎన్నుకోవడం వల్ల ఒకే సైకిలు మా ఇద్దరికీ పనికివస్తున్నది. పొడవైన దుస్తులతో ఎక్కడానికి, దిగడానికి ఇబ్బంది లేదు. గొలుసుకు పూర్తి కప్పు, వెనుక చక్రానికి వలను విడిగా బిగించుకున్నాము. దుప్పట్టా అంచు చక్రంలో పడితే ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు.

జాగ్రత్తలలో అతి ముఖ్యమైనది బ్రేకు. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోల్చితే 25 వద్ద బ్రేకు పట్టాక ఆగడానికి పట్టే దూరం ఇంచుమించు మూడు రెట్లు. దానికి తోడు ఇది బరువైన సైకిలు. చాలా ఏళ్ల తరువాత సైకిలెక్కిన పెద్దలు తమ పాత చేతి అలవాటుతోనే కొత్త వేగాన్ని ఆపబోతారు. మలుపులో ఇసుక ఉంటే అంతే సంగతులు. మొదటి వారం ఖాళీ మైదానంలో ఆపడం మాత్రమే అభ్యాసం చేయండి. హెల్మెట్ చట్టం అడగకపోయినా తల అడుగుతుంది. సముద్రపు ఉప్పుగాలి ఇనుమును తినేస్తుంది గనుక వచ్చిన వెంటనే తడిగుడ్డతో తుడవాలి, పైపుతో నీళ్లు చిమ్మకూడదు. ఎండలో తిరిగిన బ్యాటరీ చల్లారిన తరువాతే ఛార్జింగు పెట్టాలి, అదీ కంపెనీ ఇచ్చిన ఛార్జరుతోనే. గడప దగ్గర గాని, అందరూ నిద్రపోయే వేళ గాని పెట్టరాదు. లిథియం బ్యాటరీ అంటుకోవడం అరుదు, అంటుకుంటే మాత్రం తప్పించుకునే దారి తెరచి ఉండాలి.

ఉపాధ్యాయుల సంగతికి వస్తే, ఆయన ఇంతవరకు రుషికొండ దాటలేదు. వచ్చే శీతకాలంలో భీమిలి దీపస్తంభం చూడాలని ఆయన పట్టుదల. ఆ రోజులలో గాలి ఈశాన్యానికి మారుతుంది గనుక పోయేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు తోడు. వైద్యుడు వ్రాసిచ్చిన సంఖ్య, బ్యాటరీ వాట్-అవర్లు, ఊరి నుండి ఊరికి దూరాలు ఒక నోటుపుస్తకంలో పట్టికగా వేసుకొని, పోయిన ఆదివారం మా అందరిచేతా సరిచూపించారు. మంగమారిపేట వద్ద అరగంట విశ్రాంతి అన్నది ఇంజనీరు చేర్చిన సవరణ. ఆయన దానిని పావుగంటకు తగ్గించారు.