పాస్‌పోర్టు దాకా వచ్చిన కౌంటర్ కేసు

దళితులు అట్రాసిటీ కేసు పెడితే సాయంత్రానికో మర్నాటికో ఎదుటి పక్షం నుంచి మరో ఫిర్యాదు స్టేషన్‌కు చేరుతుంది. పల్నాడులో ఇది ఎవరికీ కొత్త కాదు. అడ్డగించారు, కర్రలతో కొట్టారు, చంపుతామని బెదిరించారు అని రాస్తారు. ఆ కౌంటర్ కేసు ఎందుకు పెడతారో ఊళ్లో అందరికీ తెలుసు. రేపు రాజీకి కూర్చున్నప్పుడు బల్ల మీద పెట్టడానికి తమకూ ఒక కాగితం ఉండాలి కాబట్టి. ఇన్నాళ్లూ మనం దీన్ని బెయిలు, వాయిదాలు, కోర్టు ఖర్చుల లెక్కలోనే చూశాం. చదువుకున్న మొదటి తరం పిల్లలు విదేశాల వైపు చూడడం మొదలయ్యాక ఈ కాగితానికి ఇంకో పని దొరికింది. అది పాస్‌పోర్టును ఆపుతుంది.

1967 నాటి పాస్‌పోర్టుల చట్టంలో సెక్షన్ 6(2)(ఎఫ్) అని ఒకటుంది. దరఖాస్తుదారు చేశాడని ఆరోపిస్తున్న నేరం మీద దేశంలోని ఏ క్రిమినల్ కోర్టులోనైనా విచారణ పెండింగులో ఉంటే పాస్‌పోర్టు నిరాకరించాలని అది చెబుతుంది. నేరం చిన్నదా పెద్దదా అని చూడదు. ఫిర్యాదు చేసినవాడు ఎవరు, ఏ కేసుకు జవాబుగా చేశాడు అనేది అసలే పట్టించుకోదు. ఇదే చట్టం నేరం రుజువై శిక్ష పడినవాడి విషయంలో మాత్రం కొలతలు పెట్టుకుంది. 6(2)(ఇ) ప్రకారం గడచిన ఐదేళ్లలో నైతిక పతనంతో కూడిన నేరంలో రెండేళ్లకు తక్కువ కాని శిక్ష పడి ఉంటేనే అడ్డంకి. అంటే ఏడాది శిక్ష పడి అనుభవించి వచ్చినవాడికి ఆ నిబంధన అడ్డురాదు. ఇంకా ఏ నేరమూ రుజువు కాని కుర్రాడు మాత్రం గేటు బయట నిలబడాలి. పాస్‌పోర్టు ఇప్పటికే ఉన్నవాళ్లకూ ధీమా లేదు. విచారణ పెండింగులో ఉందన్న కారణంతో దాన్ని స్వాధీనం చేసుకునే అధికారం సెక్షన్ 10(3)(ఇ) ఇస్తోంది.

ఈ చట్టం పుట్టిందే హక్కు కోసం జరిగిన పోరాటంలో నుంచి. విదేశాలకు వెళ్లడం ఆర్టికల్ 21లోని వ్యక్తి స్వేచ్ఛలో భాగమని సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో సుప్రీంకోర్టు 1967 ఏప్రిల్‌లో చెప్పింది. అంతవరకూ పాస్‌పోర్టు ఇవ్వడం, మానడం ప్రభుత్వం దయ. ఆ తీర్పు తర్వాతే పార్లమెంటు చట్టం చేయాల్సి వచ్చింది. 1978లో మేనకా గాంధీ కేసు దాన్ని ఇంకా విస్తరించి, పద్ధతి న్యాయంగా, సహేతుకంగా ఉండాలంది. ఢిల్లీ ప్రముఖుల పాస్‌పోర్టుల మీద వచ్చిన ఈ తీర్పులు మాచర్ల, గురజాల పిల్లలకూ వర్తిస్తాయి. వాటిని పట్టుకుని కోర్టు మెట్లెక్కే స్తోమతే సమానంగా లేదు.

పల్నాడులో ఇది మరీ పదునెక్కడానికి ఇక్కడి రాజకీయమే కారణం. పల్నాటి వీరగాథలో బ్రహ్మనాయుడి సైన్యాన్ని నడిపింది మాల కన్నమదాసు. చాపకూటిలో కలిపి కూర్చోబెట్టారన్న గొప్ప అందరూ చెప్పుకుంటారు గానీ, కత్తిపోట్లు ముందు ఎవరి మీద పడ్డాయో చెప్పుకోరు. ఇప్పటి పార్టీల కొట్లాటల్లోనూ జెండా మోసేది, ముందు వరసలో నిలబడేది పేటల పిల్లలే. 2019 సెప్టెంబరులో ‘చలో ఆత్మకూరు’ గొడవ జరిగినప్పుడు, దుర్గి మండలం ఆత్మకూరు నుంచి తమను తరిమేశారంటూ గుంటూరు శిబిరంలో తలదాచుకున్న వాళ్లలో దళిత కుటుంబాలున్నాయి. 2024 మే 13న పోలింగు రోజున, ఆ తర్వాత జరిగిన హింస ఎంత దూరం వెళ్లిందంటే పల్నాడు కలెక్టరును బదిలీ చేసి, ఎస్పీని సస్పెండ్ చేసి, ప్రత్యేక దర్యాప్తు బృందం వేయమని ఎన్నికల సంఘం ఆదేశించింది. పల్నాడు, అనంతపురం, తిరుపతి జిల్లాల్లో కలిపి 33 కేసుల్లో 1,370 మందిని నిందితులుగా చూపినట్టు ఆ బృందం నివేదికపై అప్పట్లో వార్తలొచ్చాయి. ఇలాంటి ఎఫ్‌ఐఆర్‌లలో కొన్ని పేర్లుంటాయి, చివర ‘మరికొందరు’ అనే మాట ఉంటుంది. ఆ మరికొందరిలోకి ఎవరి పేరు ఎప్పుడు వచ్చి చేరుతుందో చెప్పలేం. నాయకులకు ముందస్తు బెయిలుంటుంది, హైకోర్టులో సీనియర్ న్యాయవాది ఉంటాడు. బీటెక్ మూడో ఏడాది చదివే పేట కుర్రాడికి తన పేరు చార్జిషీటులో ఉన్న సంగతే పోలీసు వెరిఫికేషన్ నాడు తెలియవచ్చు.

వెరిఫికేషన్ దగ్గర జరిగే పొరపాట్లలో చాలావరకు సరైన మాట సరైన సమయంలో రాసివ్వకపోవడం వల్ల వచ్చేవే కాబట్టి దాన్ని వివరంగా చూడాలి.

మొదటిది, ఎఫ్‌ఐఆర్ వేరు, కోర్టులో పెండింగు కేసు వేరు. ఎఫ్‌ఐఆర్ నమోదైనంత మాత్రాన, దర్యాప్తు నడుస్తున్నంత మాత్రాన 6(2)(ఎఫ్) వర్తించదని, కేసు కోర్టులో నమోదై కోర్టు దాన్ని విచారణకు స్వీకరించాకే పెండింగు అనుకోవాలని విదేశాంగ శాఖ 2019 అక్టోబరు 10న జారీ చేసిన మెమోరాండంలో స్పష్టం చేసింది. స్టేషన్ నుంచి ‘ఇతని మీద ఎఫ్‌ఐఆర్ ఉంది’ అని ప్రతికూల నివేదిక వెళ్లి, విజయవాడ ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం నుంచి వివరణ కోరుతూ నోటీసు వస్తే, ఈ మెమోరాండం తేదీ రాసి జవాబివ్వాలి. నోటీసుకు జవాబు ఇవ్వకుండా వదిలేస్తే ఫైలు మూసేస్తారు.

రెండోది బైండోవర్. ఎన్నికలొచ్చినా, ఊళ్లో అంబేడ్కర్ విగ్రహం దగ్గర గొడవైనా తహసీల్దారు ముందు నిలబెట్టి పూచీకత్తు రాయించుకుంటారు. పాత సీఆర్‌పీసీలో ఇది 107వ సెక్షన్, ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్‌లో 126. ఇది శాంతిభద్రతల కోసం ముందుజాగ్రత్త చర్య. జరిగిన నేరం మీద విచారణ కాదు. రౌడీషీటు సంగతీ అంతే. అది పోలీసు స్టాండింగ్ ఆర్డర్ల ప్రకారం స్టేషన్‌లో ఉంచుకునే నిఘా రికార్డు. 6(2)(ఎఫ్) అడిగేది క్రిమినల్ కోర్టులో పెండింగు విచారణ గురించి. ఈ రెండూ ఆ కోవలోకి రావు. కానీ నివేదికలో ఈ మాట కనపడగానే కింది స్థాయిలో ఫైలు పక్కకు వెళుతుంది. నిరాకరిస్తే కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలని, అడిగితే ప్రతి ఇవ్వాలని సెక్షన్ 5(3) చెబుతోంది. ఆ ప్రతి చేతిలో లేకుండా అప్పీలూ నిలవదు, రిట్టూ నిలవదు.

మూడోది, చార్జిషీటు పడి కోర్టులో కేసు నడుస్తున్నా దారి మూసుకుపోలేదు. 1993 ఆగస్టు 25 నాటి నోటిఫికేషన్, జీఎస్‌ఆర్ 570(ఇ), కేసు నడుస్తున్న కోర్టు దేశం విడిచి వెళ్లడానికి అనుమతిస్తే 6(2)(ఎఫ్) నుంచి మినహాయింపు ఇస్తుంది. గురజాలలోనో మాచర్లలోనో నరసరావుపేటలోనో కేసు ఏ మేజిస్ట్రేట్ ముందుందో అక్కడే పిటిషన్ వేయాలి. ఇక్కడొక బోను ఉంది. కోర్టు ఉత్తర్వులో గడువు రాయకపోతే పాస్‌పోర్టు ఒక్క ఏడాదికే ఇస్తారు. రెండేళ్ల మాస్టర్స్ చదవబోయే పిల్లకు ఏడాది పాస్‌పోర్టు ఎందుకూ పనికిరాదు, వీసా దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి పిటిషన్‌లోనే చదువు కాలం, ప్రవేశ పత్రం జతచేసి, పాస్‌పోర్టు ఎన్నేళ్లకు కావాలో అంకె వేసి అడగాలి. ‘అనుమతించడమైనది’ అని ఒక్క ముక్క రాయించుకుని సంబరపడి వచ్చేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

పై కోర్టులు ఈ మధ్య కొంత ఊరటనిచ్చాయి. వంగల కస్తూరి రంగాచార్యులు కేసులో 2021 సెప్టెంబరులో సుప్రీంకోర్టు, అప్పీలు పెండింగులో ఉందన్న కారణంతో రెన్యువల్ ఆపడం కుదరదంది. మహేశ్ కుమార్ అగర్వాల్ కేసులో 2025 డిసెంబరులో, క్రిమినల్ కోర్టుల అనుమతి ఉన్నప్పుడు 6(2)(ఎఫ్)ను తిరుగులేని నిషేధంగా చూడరాదని చెప్పింది. పాస్‌పోర్టు చేతిలో ఉండడం, దానితో దేశం దాటడం వేర్వేరని, దాటేటప్పుడు ట్రయల్ కోర్టు అనుమతి ఎలాగూ కావాలని ఆ తర్కం. ఈ రెండూ రెన్యువల్ సందర్భంలో వచ్చినవి. మొదటిసారి దరఖాస్తు చేసే పిల్లల విషయంలో వీటిని వాదించి నిలబెట్టాల్సి ఉంటుంది.

అబద్ధం రాస్తే పోతుంది కదా అని సలహా ఇచ్చేవాళ్లుంటారు. ఏజెంటు ‘కేసుల గడిలో లేదు అని కొట్టు, ఎవరు చూడొచ్చారు’ అంటాడు. పాస్‌పోర్టు దరఖాస్తులో తెలిసి సమాచారం దాస్తే సెక్షన్ 12 కింద రెండేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అప్పటిదాకా తప్పుడు కేసులో నిందితుడైన పిల్లవాడు అప్పుడు నిజంగానే నేరస్తుడవుతాడు. వీసా దగ్గర ఇది ఇంకా ఖరీదైన వ్యవహారం. మన పిల్లలు ఎక్కువగా అడుగుతున్న ఆస్ట్రేలియానే తీసుకుంటే, అక్కడి దరఖాస్తు శిక్షల గురించే కాక, తేలకుండా ఉన్న అభియోగాల గురించీ అడుగుతుంది. తప్పుడు సమాచారం ఇచ్చినట్టు తేలితే 4020 అనే నిబంధన కింద వీసా నిరాకరించి మూడేళ్లు దూరం పెట్టవచ్చు. అదే సమయంలో కేసు ఉందని నిజం చెబితే తనంతట తాను తిరస్కరణ రాదు. ఆ దేశ వలస చట్టంలో గుణగణాల పరీక్ష 501వ సెక్షన్‌లో ఉంది. అందులో ‘గణనీయమైన నేర చరిత్ర’ అంటే ప్రధానంగా పన్నెండు నెలలు, అంతకు మించిన జైలు శిక్ష. మన చట్టం ఆరోపణ దగ్గరే తలుపు మూస్తుంటే, పరాయి దేశం శిక్షను బట్టి తూకం వేస్తోంది. ఇది కౌంటర్ కేసు, దీనికి ముందు మేం పెట్టిన అట్రాసిటీ కేసు ఇదీ అని ఎఫ్‌ఐఆర్ ప్రతులతో సహా వివరణ జతచేయడమే మంచిది.

డబ్బు సంగతి వేరే వ్యాసానికి సరిపోయేంత ఉంది. ఆస్ట్రేలియా విద్యార్థి వీసా రుసుము 2024 జులైలో 710 డాలర్ల నుంచి 1,600కు, 2025 జులైలో 2,000కు పెరిగింది. లక్ష రూపాయలు దాటిన ఆ సొమ్ము వీసా రాకపోతే తిరిగి రాదు. ఏడాది జీవన ఖర్చుకు 29,710 డాలర్లు చూపాలి, అంటే పదహారు లక్షల పైమాటే. ఫీజు, ప్రయాణం అదనం. కౌలుకు మిరప వేసే కుటుంబం దగ్గర తాకట్టు పెట్టడానికి పొలం ఎక్కడుంది? అందుకే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ లాంటివి మనకు ప్రాణాధారం. దేశం మొత్తానికి ఏటా 125 సీట్లు, అందులో ఎస్సీలకు 115. అంత ఇరుకు ద్వారంలో నెగ్గిన విద్యార్థి పాస్‌పోర్టు దగ్గర ఓడిపోతే ఆ ఏడాది మళ్లీ రాదు.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. ఎదుటి పక్షం చేతిలో ఉన్న కౌంటర్ కేసు బలహీనమైనదే కావచ్చు. విచారణలో నిలవకపోవచ్చు. కానీ ప్రవేశ పత్రం మీద తేదీ ఉంటుంది, కోర్టు వాయిదాకు తొందరుండదు. ఆ రెంటి మధ్య నలిగే తండ్రి దగ్గరకు పెద్దమనుషులు వస్తారు. ‘ఇద్దరూ రాజీపడండి, మీ వాడు హాయిగా వెళతాడు’ అంటారు. అట్రాసిటీ కేసు చట్టప్రకారం రాజీపడదగినది కాదు. అయితేనేం, సాక్షులు కోర్టులో మాట మార్చేస్తే సరిపోతుంది. ఇలా కూలిన కేసును తర్వాత ‘తప్పుడు కేసు’ లెక్కలో చూపి, చట్టం దుర్వినియోగం అవుతోందని ఉపన్యాసాలిస్తారు.

దీనికి విరుగుడు అట్రాసిటీ చట్టంలోనే ఉంది, వాడడమే తక్కువ. దళితుల మీద, ఆదివాసుల మీద తప్పుడు, దురుద్దేశపూరిత క్రిమినల్ కేసు పెట్టడం సెక్షన్ 3(1)(పి) కింద నేరం. కౌంటర్ కేసు పడిన నాడే ఈ సెక్షన్ ఉటంకిస్తూ ఎస్పీకి ఫిర్యాదు రాసి రసీదు తీసుకోవాలి. తర్వాత హైకోర్టులో బీఎన్‌ఎస్‌ఎస్ 528 కింద క్వాష్ పిటిషన్ వేసేటప్పుడు ఆ రసీదు మాట్లాడుతుంది. న్యాయవాది ఖర్చు గురించి వెనక్కి తగ్గక్కర్లేదు. న్యాయసేవల సంస్థల చట్టం సెక్షన్ 12 ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. ఇక ప్రతి విద్యార్థి పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసే ముందే ఈ-కోర్ట్స్ సైటులో తన పేరుతో ఒకసారి వెతికి చూసుకోవాలి. పేరు ఒక్కటే అయిన వేరే మనిషి కేసు తన నెత్తిన పడే అవకాశమూ ఉంది.

ప్రభుత్వానికి కేసులు ఎత్తేయడం తెలియని విద్య కాదు. 2022 మేలో కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టినందుకు అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టిన కేసులను ఉపసంహరించుకుంటామని 2023 మార్చిలో అప్పటి ముఖ్యమంత్రే ప్రకటించారు. తుని రైలు దహనం కేసుల్లోనూ ప్రభుత్వం వెనక్కి తగ్గింది. బీఎన్‌ఎస్‌ఎస్ 360 కింద కోర్టు సమ్మతితో పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఏ కేసునైనా ఉపసంహరించవచ్చు. అట్రాసిటీ కేసుకు జవాబుగా, అదే సంఘటన మీద, అదే స్టేషన్‌లో నమోదైన కేసులను ఈ కోవలో పరిశీలించమని ఇప్పటిదాకా ఎవరూ గట్టిగా అడగలేదు.

అడగడానికి వేదిక ఉంది. అట్రాసిటీ నిబంధనల్లోని 17వ నియమం ప్రకారం కలెక్టరు అధ్యక్షతన జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ మూడు నెలలకు ఒకసారైనా కూర్చోవాలి. నరసరావుపేటలో జరిగే తర్వాతి సమావేశానికి మూడు ప్రశ్నలు ముందే రాతపూర్వకంగా పంపవచ్చు. జిల్లా ఏర్పడిన 2022 ఏప్రిల్ నుంచి ఎన్ని అట్రాసిటీ కేసుల్లో ఫిర్యాదుదారు కుటుంబం మీద కౌంటర్ కేసు నమోదైంది? వాటిలో ఎన్నింటికి చార్జిషీటు అసలు కేసు కంటే ముందు పడింది? ఆ కారణంగా ఎంతమంది పాస్‌పోర్టు వెరిఫికేషన్లు ప్రతికూలంగా వెళ్లాయి?