గేటు దగ్గర రిజిస్టరు ఎవరికి?



ఇందిరా పార్కు దగ్గర ధర్నా చేయాలంటే ముందు పోలీసులకు దరఖాస్తు పెట్టాలి. ఎవరు పిలుస్తున్నారు, ఎంతమంది వస్తారు, ఎన్ని గంటలకు లేచిపోతారు, అన్నీ రాసివ్వాలి. ఆ మధ్య హాస్టల్ మెస్ బిల్లుల గురించి ఒక అధికారిని కలవడానికి వెళ్లాను. గేటు దగ్గర రిజిస్టర్లో నా పేరు, ఫోన్ నంబరు, వచ్చిన పని రాయించుకున్నారు. బెంచీ మీద మూడు గంటలు కూర్చోబెట్టారు. ఈలోగా ఇద్దరు కారు దిగి నేరుగా లోపలికెళ్లారు. వాళ్లను సంతకం ఎవరూ అడగలేదు.

వాళ్లెవరో, ఏం అడిగారో నాకు తెలియదు. తెలుసుకునే దారీ లేదు. నా గొడవ అదే.

డబ్బు తీసుకుని ఒకరి తరఫున ప్రభుత్వాన్ని ఒప్పించడాన్ని లాబీయింగ్ అంటారు. అమెరికాలో 1995 చట్టం ప్రకారం అలాంటివాళ్లు రిజిస్టర్ కావాలి. ఎవరి కోసం, ఏ విషయం మీద, ఎంత డబ్బుతో పనిచేశారో మూడు నెలలకోసారి చెప్పాలి. 2012లో వాల్‌మార్ట్ అక్కడ దాఖలు చేసిన కాగితాల్లో భారత మార్కెట్లో ప్రవేశం కూడా ఒక అంశంగా కనిపించింది. అది అమెరికా చట్టసభ్యుల దగ్గర చేసిన లాబీయింగే. అయినా మన పార్లమెంటులో పెద్ద రగడ జరిగింది. ఇక్కడేం జరిగిందో చూడటానికి జస్టిస్ ముకుల్ ముద్గల్ కమిటీని వేయాల్సి వచ్చింది. అక్కడ ఫారంలో చూసుకునేదానికి ఇక్కడ కమిటీ కావాలి. ఎందుకంటే మన దేశంలో లాబీయిస్టుల రిజిస్ట్రేషన్‌కు చట్టమే లేదు.

ఆర్టీఐ ఉంది కదా అంటారు. ఫైలుకెక్కిందే ఆర్టీఐ ఇస్తుంది. ఫైలుకెక్కని మాటకు కాపీ ఎక్కడ దొరుకుతుంది?

చట్టం వస్తే ముందు మన సంఘాల మీదే పడుతుందేమో అన్నా, అని ఒక తమ్ముడు అడిగాడు. న్యాయమైన భయమే. అందుకే గీత స్పష్టంగా గీయాలి. జీతానికో ఫీజుకో వేరేవాళ్ల తరఫున మాట్లాడేవాడు రిజిస్టర్ కావాలి. తన బతుకు కోసం అర్జీ పట్టుకొచ్చినవాడు కాదు.

రిజిస్టరు పెట్టినంత మాత్రాన డబ్బు బలం పోదు. అమెరికాలోనూ పోలేదు. కానీ ఎవరితో కొట్లాడుతున్నామో తెలుస్తుంది.

2013లో వచ్చిన సబ్‌ప్లాన్ చట్టాన్ని మనం రోడ్డు మీద, మైకు పట్టుకుని అడిగాం. మన అర్జీలో దాచిందేమీ లేదు. ఇక ఆ రిజిస్టరు కారు దిగేవాళ్ల ముందు కూడా పెట్టండి.

జై భీమ్.