మధ్యలో ఎవరున్నారన్నదే అసలు దూరం

డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీలో శిక్షణ పొందుతున్న రోజుల్లోని ఒక తరగతి నాకింకా గుర్తుంది. మా శిక్షకుడు మ్యాపు పరిచి, 'కరాచీ నుంచి ఢాకాకు విమానంలో ఎంత దూరం?' అని అడిగారు. స్కేలుతో కొలిచి, సుమారు 2,370 కిలోమీటర్లని చెప్పాం. 'ఏ రోజు నాటి దూరం? 1971 ఫిబ్రవరి 4కు ముందా, తరవాతా?' అన్నారాయన.

ఆ ఏడాది జనవరి 30న శ్రీనగర్ నుంచి జమ్మూ వస్తున్న 'గంగ' విమానాన్ని హైజాకర్లు లాహోర్‌కు మళ్లించారు. ప్రయాణికులను వదిలేశాక దాన్ని తగలబెట్టారు. జవాబుగా భారత్ తన గగనతలాన్ని పాకిస్థాన్ విమానాలకు మూసేసింది. సుమారు మూడు గంటల ప్రయాణం కొలంబో మీదుగా చుట్టుదారి పట్టి రెట్టింపైంది. మార్చి 25 రాత్రి ఢాకాలో సైనిక చర్య మొదలయ్యాక, పశ్చిమ పాకిస్థాన్ నుంచి విమానాల్లో వెళ్లిన అదనపు బలగాలకు ఆ దారే దిక్కయింది. డిసెంబరు 16 నాటి విజయం మన జవాన్లది, ముక్తివాహినిది. కానీ పది నెలల ముందే ప్రత్యర్థి సరఫరా దారిని సాగదీసిన ఆ నిర్ణయాన్ని తక్కువగా చూడలేం.

నేడు పరిస్థితి తిరగబడింది. అప్పుడు మధ్యలో ఉన్నది మనం. ఇప్పుడు మన పడమటి దారికి అడ్డంగా ఉన్నది పాకిస్థాన్. పహల్గాం దాడి అనంతరం 2025 ఏప్రిల్ 24న ఆ దేశం మన విమానాలకు గగనతలాన్ని మూసింది. ఏప్రిల్ 30న మనమూ మూశాం. అయితే ఐరోపా, అమెరికాలకు మన విమానాలే ఎక్కువగా తిరుగుతాయి కాబట్టి భారమూ మనకే ఎక్కువ. ఢిల్లీకి చెన్నై కంటే తాష్కెంట్ దగ్గర. అయినా చుట్టుదారి తమ విమానాలకు అందనంత పొడవు కావడంతో ఇండిగో ఆ సర్వీసును నిలిపివేసింది.

ఇది టికెట్ల ధరకే పరిమితమైన విషయం కాదు. ఢిల్లీకి కాబూల్ వెయ్యి కిలోమీటర్లే. కానీ 2021 ఆగస్టులో మన రాయబారిని, సిబ్బందిని తెచ్చిన వాయుసేన సి-17 పాకిస్థాన్‌ను తప్పించుకొని ఇరాన్ మీదుగా జామ్‌నగర్ చేరింది. 2025 జూన్‌లో ఇజ్రాయెల్‌తో ఘర్షణ వేళ ఇరాన్ గగనతలమూ మూతపడింది. అప్పటికీ మన విద్యార్థులను మష్హద్ నుంచి తెచ్చే విమానాలకు ఆ దేశం ప్రత్యేకంగా అనుమతిచ్చింది. ఆ అనుమతి ఏళ్ల తరబడి కాపాడుకున్న సంబంధాల ఫలం.

అందుకే రెండు పనులు ఆలస్యం కాకూడదు. ఇరాన్, ఒమన్, మధ్య ఆసియా దేశాలతో ఆపత్కాల గగనతల ఒప్పందాలను ముందే కుదుర్చుకోవాలి. గాలిలోనే ఇంధనం నింపే విమానాలను పెంచుకోవాలి. మన వాయుసేనకు సొంతంగా ఉన్నవి రెండు దశాబ్దాల కిందట కొన్న ఆరు ఇల్యూషిన్-78లే. చుట్టుదారిలో యుద్ధవిమానాలను నడపాల్సిన రోజు వస్తే అవి చాలవు. దారి మూసుకున్నాక వెతుక్కుంటే ఎంత భారమో 1971లో పాకిస్థాన్‌కు మనమే చూపించాం.