కొడవలిని గ్రైండర్‌కి ఇవ్వకండి

ఈ రోజు సానరాయి గురించి ఒక మాట చెప్తా. చిన్న విషయం అనుకోకండి.

పోయిన ఏడాది గడ్డి కొడవలి మొద్దుబారితే వెల్డింగ్ షాపుకి తీసుకెళ్ళా. రెండు నిమిషాలు నిప్పురవ్వలు లేపి తళతళలాడించి ఇచ్చాడు. అంచు నీలిరంగు తిరగడం చూశా గానీ పట్టించుకోలా. మూడో రోజుకే మళ్ళీ మొద్దు. జొన్న చొప్ప తెగక బలంగా లాగితే జారి ఎడమచేతి వేలు తెగింది. నాలుగు కుట్లు పడ్డాయి. పది రోజులు పాలు పిండడం కూడా మా ఆవిడ మీదే పడింది.

కొడవలిని కమ్మరి కొలిమిలో కాల్చి, నీళ్ళలో ముంచి గట్టిపరుస్తాడు. గ్రైండర్ మీద అంచు నీలిరంగు తిరిగిందంటే అక్కడ వేడి దాదాపు 300 డిగ్రీలకు చేరినట్టే. ఆ గట్టిదనం పోతుంది. ఆ మెత్తబడిన అంచు అరిగిపోయేదాకా ఎంత నూరినా పదును నిలవదు.

అంచు పెచ్చులూడితే గ్రైండర్ తప్పదు, ఒప్పుకుంటా. అప్పుడైనా పక్కనే నిలబడి, మాటిమాటికీ నీళ్ళలో ముంచమని చెప్పండి. మామూలు పదునుకి మాత్రం ఇంట్లో సానరాయే కరెక్టు.

హార్డ్‌వేర్ షాపులో కార్బొరండం రాయి అడగండి. ఒక వైపు గరుకు, ఒక వైపు నునుపు ఉంటుంది. నీళ్ళలో నానేసి, బుడగలు ఆగాక తీయండి. కొడవలి వంపుగా ఉంటుంది కాబట్టి దాన్ని కదలకుండా పట్టుకుని, రాయినే అంచు వెంట నడపాలి. అంచుకున్న వాలు మార్చొద్దు. అవతలి వైపు సన్నగా గరుకు తగిలేదాకా గరుకు వైపుతో నూరి, తర్వాత నునుపు వైపుతో రెండు పక్కలా తేల్చండి. పళ్ళ కొడవలికి ఇది పనికిరాదు, దానికి కమ్మరి దగ్గర పళ్ళు కొట్టించాల్సిందే.

టైం ఎక్కడిది అంటారు కొందరు. పొద్దున్నే పది నిమిషాలు చాలన్నా. మొద్దు కొడవళ్ళు చేతికిచ్చి, సాయంత్రానికి సగం మడే కోశారని కూలీలను తిడతాం. ఆ తప్పు వాళ్ళది కాదు, మనది. తెగే కొడవలి ఇవ్వడం పని పెట్టినోడి బాధ్యత.

మీ ఇంట్లో సానరాయి ఎక్కడుందో ఈ రోజే వెతకండి. లేకపోతే ఈసారి సంతకి వెళ్ళినప్పుడు ఒకటి తెచ్చుకోండి.