నీళ్ళకు ఒప్పందం ఉంది, మరి పిల్లల వెన్నెముకకు?

బాబ్లీ అనగానే తెలుగువారికి గుర్తొచ్చేవి గోదావరి, గేట్లు, గొడవ. మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా ధర్మాబాద్ తాలూకాలో ఉన్న ఈ చిన్న ఊరి పేరు 2010 జూలైలో, అక్కడికి బయలుదేరిన తెలుగుదేశం నాయకులను మహారాష్ట్ర పోలీసులు అరెస్టు చేసినప్పుడు, మన ఇంటింటా వినిపించింది. 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఏటా జూలై 1 నుంచి అక్టోబర్ 28 వరకు బ్యారేజీ గేట్లు ఎత్తి ఉంచాలి. మార్చి 1న 0.6 టీఎంసీల నీరు కిందికి వదలాలి. దీన్ని చూసుకోవడానికి కేంద్ర జలసంఘం, రెండు రాష్ట్రాల ప్రతినిధులతో ముగ్గురు సభ్యుల కమిటీ ఉంది. నీటి లెక్క పక్కాగా ఉంది. మంచిదే.

ఆ గట్ల మీద బతికే మనుషుల లెక్క ఎవరు చూస్తున్నారు? 1956 వరకు ఈ ప్రాంతమంతా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. ఇప్పటికీ ఇక్కడ తెలుగు, మరాఠీ కలిసే వినిపిస్తాయి. 2018లో ధర్మాబాద్ తాలూకాలోని కొన్ని గ్రామాలు, అవతలి గట్టున అందుతున్న సంక్షేమ పథకాలు చూసి, తమను తెలంగాణలో కలపమని అడిగాయి. ఆ కోరిక న్యాయాన్యాయాలు ఇక్కడ మా విషయం కాదు. సరిహద్దులో పుట్టినందుకు ఒక పిల్ల వైద్యం లేకుండా మిగిలిపోకూడదు అన్నదే మా మాట. అందుకోసం చాలామంది పేరైనా వినని ఒక సమస్యను ఈ సంచికలో మీ ముందు పెడుతున్నాం.

దాని పేరు స్కోలియోసిస్. వెన్నెముక పక్కకు వంగుతూ, తన చుట్టూ తాను మెలి తిరగడం. ఎక్స్‌రేలో ఆ వంపు 10 డిగ్రీలు, ఆపైన ఉంటే ఈ పేరు పెడతారు. పదేళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల్లో నూటికి ఇద్దరు ముగ్గురికి ఇది ఉంటుందని వైద్యుల అంచనా. అందులో ఎక్కువమందికి వంపు చిన్నది, దానివల్ల పెద్ద హాని ఉండదు. కాని పెద్దవిగా పెరిగే వంపులు అబ్బాయిల్లో కంటే అమ్మాయిల్లో ఎన్నో రెట్లు ఎక్కువ. అవి పెరిగేది కూడా పిల్లలు ఒక్కసారిగా పొడుగయ్యే ఆ రెండు మూడేళ్ళలోనే. చాలాసార్లు నొప్పి ఉండదు. అందుకే ఇంట్లో ఎవరికీ తెలియదు. సరిగ్గా అదే వయసులో అమ్మాయి వోణీ, చున్నీ వేసుకోవడం మొదలుపెడుతుంది. వీపు తల్లికి కూడా కనపడదు.

ఎందుకు వస్తుంది? ఎక్కువమందిలో కారణం ఇదని వైద్యశాస్త్రం ఇంకా తేల్చలేదు. కుటుంబంలో ఒకరికి ఉంటే మరొకరికి వచ్చే అవకాశం ఎక్కువ. స్కూలు బ్యాగు బరువు వల్ల రాదు. వంగి కూర్చుని చదవడం వల్ల రాదు. తల్లి గ్రహణం చూసినందువల్ల రాదు. పాపం వల్ల, శాపం వల్ల అసలే రాదు. వంగిన నడుము అంటే మనకు వెంటనే నల్గొండ ఫ్లోరోసిస్ గుర్తొస్తుంది. అది తాగే నీటిలోని ఫ్లోరైడ్ ఎముకల్లో చేరి వచ్చేది. ఇది వేరు. ఇక్కడ ఆ పిల్ల తప్పు లేదు, తల్లిదండ్రుల తప్పూ లేదు.

కనిపెట్టడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. పాదాలు కలిపి, మోకాళ్ళు వంచకుండా, రెండు అరచేతులు జోడించి ముందుకు వంగమనాలి. వెనక నుంచి చూస్తే వీపు రెండు వైపులా సమంగా ఉండాలి. ఒక వైపు పక్కటెముకలు ఎత్తుగా లేస్తే డాక్టరుకు చూపించాలి. ఒక భుజం పైకి ఉండటం, నడుము ఒక వైపే నొక్కుకుపోయినట్టు ఉండటం, లంగా అంచు ఒక పక్క పైకి లేవడం కూడా గుర్తులే. వంగి చూసే ఈ పరీక్షను విలియం ఆడమ్స్ అనే ఇంగ్లీషు వైద్యుడు 1865లో చెప్పాడు. అరనిమిషం పని.

ఆ తర్వాత ఏమిటి? ఇంకా ఎదిగే వయసులో వంపు సుమారు 25 నుంచి 40 డిగ్రీల మధ్య ఉంటే బ్రేస్ అనే గట్టి తొడుగు వేస్తారు. 45, 50 డిగ్రీలు దాటితే ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. అమెరికా, కెనడాలలో జరిగి 2013లో వెలువడిన ఒక పరిశోధనలో, బ్రేస్ వాడినవారిలో నూటికి 72 మందికి వంపు ఆపరేషన్ దాకా పోలేదు. వాడనివారిలో 48 మందికే అలా జరిగింది. రోజులో ఎక్కువ గంటలు వేసుకున్నవారికి మేలు ఎక్కువ.

దీనితోపాటు ఉన్నది ఫిజియోథెరపీ. జర్మనీకి చెందిన కాథరీనా ష్రోత్ అనే ఆమెకు స్వయంగా ఈ వంపు ఉండేది. అద్దం ముందు నిలబడి, తన శరీరం ఎటు ఒరుగుతుందో చూసుకుంటూ, అణిగిపోయిన వైపుకు ఊపిరి నింపుతూ సరిచేసుకోవడం ఆమె సాధన. 1921లో మైసెన్ పట్టణంలో ఇతరులకు నేర్పడం మొదలుపెట్టింది. ఈనాడు పలు దేశాల్లో చేయిస్తున్న కసరత్తులకు ఇదే మూలం. మన బడుల్లో 'నిటారుగా నిలబడు' అని అరిచేది ఇది కాదు. ప్రతి పిల్లకు తన వంపును బట్టి వేరే కసరత్తు ఉంటుంది. తెలిసినవారి దగ్గర నేర్చుకుని, ఇంట్లో రోజూ చేయాలి.

నిజాయితీగా చెప్పాలంటే ఇది మంత్రం కాదు. చిన్న పరిశోధనల్లో వంపు కొద్ది డిగ్రీలు తగ్గినట్టు, పిల్లలకు తమ శరీరం మీద ధైర్యం పెరిగినట్టు కనిపించింది. బ్రేస్ అవసరమైనచోట కసరత్తు దానికి తోడు మాత్రమే, బదులు కాదు. పూర్తిగా నిటారు చేస్తామని గ్యారంటీ ఇచ్చేవారిని, ఫోనులో వీడియో చూసి నడుము విరిచేవారిని నమ్మకండి.

ఇప్పుడు బాబ్లీలో పదమూడేళ్ళ అమ్మాయిని ఊహించుకోండి. డాక్టరు వారానికి ఒకసారి ఫిజియోథెరపీకి రమ్మన్నారు. నాందేడ్ వెళ్ళాలా, నిజామాబాద్ వెళ్ళాలా? ఎటు వెళ్ళినా తల్లికి ఒక రోజు కూలి పోతుంది, పిల్లకు ఒక రోజు బడి పోతుంది. ఒకచోట కాగితాలు మరాఠీలో, మరోచోట కార్డు చెల్లదు. ఆయుష్మాన్ భారత్ రెండు రాష్ట్రాల్లోనూ ఉంది, కాని అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవారి ఖర్చు చూసే పథకం. ఇంటి నుంచి వచ్చిపోయే రోగి చేసే కసరత్తు దాని కిందికి రాదు. అంటే వెన్నెముకకు రాడ్లు వేసే ఆపరేషన్‌కు ప్రభుత్వం దగ్గర దారి ఉంది, ఆ ఆపరేషన్ అవసరం రాకుండా చూసే పనికి లేదు. ఇది మాకు న్యాయంగా తోచడం లేదు.

సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన ఆ 2013 ఫిబ్రవరిలోనే, ఇదే మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలైంది. దాని కింద వైద్య బృందం ఏడాదికి ఒకసారి ప్రభుత్వ బడికి రావాలి. ఆ బృందంలో ఒక మహిళా డాక్టరు ఉండాలి. అప్పుడు ప్రకటించిన 30 సమస్యల జాబితాలో స్కోలియోసిస్ పేరు విడిగా లేదు. బడిపిల్లలందరినీ పరీక్షించడం వల్ల మేలుందా లేదా అని చెప్పడానికి తగిన ఆధారాలు లేవని 2018లో అమెరికా నిపుణుల బృందం ఒకటి చెప్పిన మాట నిజమే. కాని అక్కడ చాలామంది పిల్లలకు ఏటా చూసే డాక్టరు ఉంటారు. మన పల్లె పిల్లకు ఆ బడి పరీక్ష ఒక్కటే దిక్కు. ఎలాగూ వచ్చిన బృందం అరనిమిషం వీపు చూస్తే ఎవరికి నష్టం?

లూకా సువార్త 13వ అధ్యాయంలో పద్దెనిమిదేళ్ళుగా నడుము వంగిపోయిన స్త్రీ కనిపిస్తుంది. ఆమె అడగలేదు. యేసే చూసి పిలిచాడు. విశ్రాంతిదినాన బాగు చేశాడని సమాజమందిరపు అధికారి కోప్పడితే, ఆయన పశువుల సంగతి ఎత్తాడు. అదే రోజున ఎద్దునూ గాడిదనూ విప్పి నీళ్ళకు తోలుకుపోతారు కదా, అబ్రాహాము కుమార్తెను విప్పకూడదా అని అడిగాడు. నీళ్ళకు నియమం సడలుతుంది, మనిషికి సడలదు. బాబ్లీ గట్టున నిలబడి చదివితే ఆ ప్రశ్న ఇంకా సూటిగా తగులుతుంది.

ఇలాంటి శరీరాలకు దూరంగా జరగని సేవ మన ముందు ఉంది. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో మెథడిస్టు మిషనరీ డాక్టర్ ఇసబెల్ కెర్ వందేళ్ళకు ముందే కుష్ఠురోగులకు ఆసుపత్రి నడిపింది. ప్రమాదంలో కాళ్ళు చచ్చుబడిన డాక్టర్ మేరీ వర్గీస్ చక్రాల కుర్చీలో కూర్చునే ఆపరేషన్లు చేసి, వెల్లూరులో పునరావాస వైద్యానికి పునాది వేసింది. వారు ప్రార్థన మానలేదు, కసరత్తూ మానిపించలేదు.

అందుకే మేము అడుగుతున్నాం. బడికి వచ్చే వైద్య బృందం పదేళ్ళు దాటిన ప్రతి పిల్ల వీపు చూడాలి, తల్లి గాని టీచరమ్మ గాని పక్కన ఉండగా. తాలూకా ఆసుపత్రిలో వారానికి కొన్ని రోజులైనా ఫిజియోథెరపిస్టు, వీలైతే మహిళ, ఉండాలి. బ్రేస్, కసరత్తు పథకాల కిందికి రావాలి. నాందేడ్, నిజామాబాద్ ప్రభుత్వ ఆసుపత్రులు ఒకరి చీటీని ఒకరు ఒప్పుకోవాలి. గేట్ల కోసం ముగ్గురు కూర్చోగలిగితే, పిల్లల కోసం ఇద్దరు కూర్చోలేరా?

యవ్వనస్థులారా, మీరు చేయగలిగింది ఉంది. ఈ గుర్తులు సండేస్కూలు తల్లులకు చెప్పండి. వారపు రోజుల్లో తాళం వేసి ఉండే మందిరం హాలులో ఒక నిలువుటద్దం, రెండు చాపలు పెట్టించండి. నేర్చుకుని వచ్చిన పిల్ల అక్కడ రోజూ చేసుకుంటుంది. ఆసుపత్రికి తోడు వెళ్ళండి, మరాఠీ కాగితం చదివి పెట్టండి. 'దీనికి పెళ్ళెలా అవుతుంది' అనే మాట మీ ఎదుట ఎవరన్నా అంటే ఊరుకోకండి. ఆ మాటకు భయపడే చాలామంది తల్లులు డాక్టరు దగ్గరికి పోకుండా చున్నీతో కప్పుతారు. కప్పిన ప్రతి నెలా ఆ పిల్ల ఎదుగుతుంది, వంపూ ఎదగవచ్చు. జూలై 1న గేట్లు ఎత్తారా లేదా అని రెండు రాష్ట్రాలూ చూస్తాయి. అదే నెలలో మీ బడిలో పిల్లల వీపు ఎవరైనా చూశారా అని మీరు అడగండి.